వలందపాలెం నుంచి హరారే దాకా



బందరులో వలందపాలెం అని ఒక పేట ఉంది. అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు కూడా ఆ పేరు ఎందుకొచ్చిందో పెద్దగా ఆలోచించరు. వలందులంటే హాలండు వాళ్ళు, డచ్చివాళ్ళు. 1605లో వాళ్ళ ఓడ బందరు రేవుకు వచ్చింది. మరుసటేడు గోల్కొండ సుల్తాను అనుమతితో ఇక్కడ వర్తకశాల తెరిచారు. మన నేత బట్ట, మన అద్దకం బట్ట వాళ్ళ ఓడల్లో దేశదేశాలకు వెళ్ళింది. ఇక్కడే కన్నుమూసిన డచ్చివాళ్ళ సమాధులు బందరులో ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళ కోట పోయింది, వాళ్ళ వర్తకం పోయింది, పేట పేరు మాత్రం మన నోళ్ళలో మిగిలింది.

వాళ్ళ దేశానికీ మన డెల్టాకీ ఇంకో పోలిక ఉంది. నెదర్లాండ్స్ అంటేనే పల్లపు నేలలు అని అర్థం. ఆ దేశంలో దాదాపు నాలుగో వంతు భూమి సముద్ర మట్టానికి దిగువన ఉంటుంది. కాలువలు, లాకులు, కరకట్టలు లేకపోతే ఆ దేశమే లేదు. బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువ మధ్య బతికే మనకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. 1953 ఫిబ్రవరి 1న సముద్రం కట్టలు తెంచుకుని వాళ్ళ ఊళ్ళమీద పడింది. 1977 నవంబరు 19న మన దివిసీమ మీద పడింది. నీళ్ళంటే అన్నం పెట్టేదీ అదే, ఇల్లు ముంచేదీ అదే అని తెలిసిన జనం వాళ్ళూ, మనమూ.

ఆ వలందులు మన ఒడ్డుకొచ్చిన నాలుగు వందల ఏళ్ళ తరవాత మన విజయవాడలో పుట్టిన కుర్రవాడు వాళ్ళ ఒడ్డుకు చేరి, వాళ్ళ నారింజ రంగు చొక్కా తొడుక్కుని, వాళ్ళ కోసం క్రికెట్ ఆడాడు. ఇవాళ నేను చెప్పబోయేది ఆ కుర్రవాడి గురించి, అతను ఆడిన చిన్న జట్టు గురించి.

పేరు తేజ నిడమానూరు. 1994 ఆగస్టు 22న విజయవాడలో పుట్టాడు. ఏలూరు రోడ్డు మీద గన్నవరం వైపు వెళుతుంటే మనకు నిడమానూరు తగులుతుంది కదా, అతని ఇంటిపేరూ అదే. చిన్నతనంలోనే న్యూజిలాండ్ వెళ్ళాడు. ఆక్లండ్‌లో పెరిగాడు, అక్కడే క్రికెట్ నేర్చుకున్నాడు, ఆక్లండ్ జట్టుకు ఆడాడు. తరవాత నెదర్లాండ్స్ చేరాడు. 2022 మే 31న ఆమ్‌స్టెల్‌వీన్‌లో వెస్టిండీస్ మీద మొదటి వన్డే ఆడి, 58 పరుగులతో అజేయంగా నిలిచాడు. 2023 మార్చిలో హరారేలో జింబాబ్వే మీద, జట్టు సగానికి పైగా కూలిపోయాక నిలబడి, 110 నాటౌట్‌గా మ్యాచ్ గెలిపించాడు. అప్పటికీ మన ఊళ్ళో అతని పేరు తెలిసినవాళ్ళు తక్కువే.

ఇక 2023 జూన్ 26. మళ్ళీ హరారేనే, తకాషింగా క్లబ్బు మైదానం. ప్రపంచకప్‌కు అర్హత సంపాదించే పోటీలు. ఎదురుగా వెస్టిండీస్. క్రికెట్‌లో ఆ పేరుకున్న బరువు మన తరం వాళ్ళకు బాగా తెలుసు. 1975లో, 1979లో ప్రపంచకప్ ఎత్తిన జట్టు. మన విజయవాడలోనే, ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియంలో, 2002 నవంబరు 24న మనవాళ్ళను ఓడించి సిరీస్ నాలుగు మూడుతో పట్టుకెళ్ళిన జట్టు. ఆ రోజు శామ్యూల్స్ సెంచరీ చేస్తుంటే గ్యాలరీలో నోట మాట లేకుండా కూర్చున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

హరారేలో ఆ వెస్టిండీస్ 374 కొట్టింది. నికొలస్ పూరన్ 104 నాటౌట్. సాధారణంగా అంత స్కోరు చూశాక చిన్న జట్టు గెలుపు మాట పక్కనపెట్టి, పరువు దక్కితే చాలనుకుంటుంది. నెదర్లాండ్స్ అలా అనుకోలేదు. నాలుగు వికెట్లు పడ్డాక కెప్టెన్ స్కాట్ ఎడ్వర్డ్స్, తేజ కలిశారు. ఇద్దరూ కలిసి 143 పరుగులు చేశారు. ఎడ్వర్డ్స్ 67, తేజ 76 బంతుల్లో 111. తేజ అవుటయ్యేసరికి అసాధ్యం అనుకున్నది చేతికందే దూరానికి వచ్చింది. అక్కణ్ణుంచి లోగన్ వాన్ బీక్ బాధ్యత ఎత్తుకున్నాడు. చివరి బంతికి ఒక్క పరుగు చేస్తే గెలుపు. బంతి గాల్లోకి లేచింది, క్యాచ్ పట్టారు. నెదర్లాండ్స్ కూడా సరిగ్గా 374. స్కోర్లు సమం.

ఆ తరవాత సూపర్ ఓవర్. అవుటై తల వంచుకుని వెళ్ళిన వాన్ బీక్‌నే మళ్ళీ బ్యాటు పట్టుకుని రమ్మన్నారు. బౌలర్ జేసన్ హోల్డర్. నాలుగు, ఆరు, నాలుగు, ఆరు, ఆరు, నాలుగు. ఆరు బంతులు, ముప్ఫై పరుగులు. బ్యాటు కింద పెట్టి బంతి కూడా అతనే అందుకున్నాడు. వెస్టిండీస్ ఎనిమిది పరుగులకు రెండు వికెట్లూ పోగొట్టుకుంది. ఈ వాన్ బీక్ తాతగారు సామీ గిలెన్. ఆయన 1950లలో వెస్టిండీస్‌కూ, తరవాత న్యూజిలాండ్‌కూ టెస్టులాడారు. తాత ఆడిన దేశాన్ని మనవడు ఓడించాడు. ఆ ఏడు వెస్టిండీస్, చరిత్రలో మొదటిసారి, వన్డే ప్రపంచకప్‌కు రాలేకపోయింది. నెదర్లాండ్స్ వచ్చింది. జూలై 6న బులవాయోలో స్కాట్లండ్ మీద బాస్ డి లీడ్ అయిదు వికెట్లు తీసి, 123 పరుగులు చేసి ఆ తలుపు తెరిచాడు.

ఒక్క రోజులో పుట్టుకొచ్చిన జట్టు కాదిది. నెదర్లాండ్స్‌లో క్రికెట్ బోర్డు 1883లో ఏర్పడింది. అంటే మన కె.ఎస్. రంజిత్‌సింహ్‌జీ ఇంగ్లండ్‌కు టెస్టు ఆడటానికి పదమూడేళ్ళ ముందు. ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న దేశం, ఎండాకాలం తక్కువ, గడ్డి పిచ్‌లు తక్కువ. చాలాకాలం చాప పరిచిన పిచ్‌ల మీదే ఆడారు. 1964లో ఆస్ట్రేలియా జట్టు ఇంగ్లండ్ యాత్ర ముగించుకుని హేగ్ వచ్చి ఒక మ్యాచ్ ఆడితే, డచ్చివాళ్ళు మూడు వికెట్లతో గెలిచారు. 1996లో మొదటిసారి ప్రపంచకప్ ఆడారు. 2009 జూన్ 5న లార్డ్స్‌లో, టీ20 ప్రపంచకప్ మొదటి రోజున, ఇంగ్లండ్‌ను వాళ్ళ ఇంట్లోనే ఓడించారు. చివరి బంతికి రెండు పరుగులు కావాలి. బౌలర్ బ్రాడ్ బంతి అందుకుని వికెట్లకేసి విసిరాడు, గురి తప్పింది, ఆ సందులో రెండో పరుగు తీశారు.

ఇక్కడే నాకు బాధ కలిగించే సంగతి ఒకటుంది. 2014 మొదట్లో న్యూజిలాండ్‌లో జరిగిన అర్హత పోటీల్లో నెదర్లాండ్స్ వెనకబడింది. దాంతో వన్డే హోదా తీసేశారు. హోదా తీసేసిన ఆ జట్టే అదే ఏడు మార్చి నెలాఖరున చిట్టగాంగ్‌లో ఇంగ్లండ్‌ను 88 పరుగులకు ఆలౌట్ చేసి టీ20లో గెలిచింది. గెలిచినా హోదా తిరిగి రాలేదు. నాలుగేళ్ళకు పైగా వాళ్ళకు ఒక్క వన్డే లేదు. ఇరవై రెండేళ్ళ కుర్రాడికి నాలుగేళ్ళంటే ఏమిటో చూడండి. ఆటలో వాడి ఈడే దాటిపోతుంది. ఎంతమంది ఆ నాలుగేళ్ళలో బ్యాటు అటకెక్కించి ఉంటారో.

మన డెల్టాలో దీన్ని అర్థం చేసుకోవడం తేలిక. కాలువ మొదట్లో ఉన్న రైతుకు నీళ్ళు వదిలిన మర్నాడే మడి తడుస్తుంది. నాగాయలంకలో, కోడూరులో, కృత్తివెన్నులో, బంటుమిల్లిలో శివారు రైతు గట్టు మీద కూర్చుని ఎదురు చూస్తాడు. ఎగువవాళ్ళ అవసరం తీరి, తూములు కట్టి, వంతు వచ్చేసరికి నారు ముదిరిపోతుంది. తీరా దిగుబడి తగ్గితే శివారు భూమి చవిటిదంటారు. ఆ భూమికి నీళ్ళిచ్చి చూశామా అని ఎవరూ అడగరు. ప్రపంచ క్రికెట్‌లో చిన్న దేశాలది శివారు ఆయకట్టు బతుకు. పెద్ద జట్లు తమలో తామే ఏడాదంతా ఆడుకుంటాయి. చిన్న జట్టు నాలుగేళ్ళకోసారి వచ్చి ఓడిపోతే, చూశారా, వీళ్ళకు ఆడటం రాదు అంటాయి.

నెదర్లాండ్స్ కథలో మలుపు ఆ వంతు దొరకడం వల్లే వచ్చింది. 2017 డిసెంబరులో అసోసియేట్ దేశాల లీగ్ గెలిచి, వన్డే హోదా తిరిగి తెచ్చుకుని, ఐసీసీ కొత్తగా పెట్టిన వన్డే సూపర్ లీగ్‌లో పదమూడో జట్టుగా చోటు సంపాదించుకుంది. మిగతా పన్నెండూ టెస్టు దేశాలే. ఒక్కో జట్టు ఎనిమిది జట్లతో మూడేసి మ్యాచ్‌లు, మొత్తం ఇరవై నాలుగు, ఆడి తీరాలి. ఇష్టమున్నా లేకపోయినా పెద్ద జట్లు వాళ్ళ దేశం వెళ్ళాయి, వాళ్ళను పిలిచాయి.

ఫలితాలు చూస్తే మొదట మనసు చివుక్కుమంటుంది. పదమూడు జట్లలో వాళ్ళు పదమూడోవాళ్ళు. 2022 జూన్ 17న ఆమ్‌స్టెల్‌వీన్‌లో ఇంగ్లండ్ వాళ్ళ మీద 498 పరుగులు కొట్టింది. వన్డేల్లో అది ప్రపంచ రికార్డు. మైదానం పక్క చెట్ల పొదల్లో పడిన బంతుల కోసం ఆటగాళ్ళే వెతుక్కున్న దృశ్యం చాలామంది చూసే ఉంటారు. చూసి కొందరు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అంత వేగంగా కొట్టేవాళ్ళకు ఎక్కడ బంతి వేయాలో, ఎక్కడ వేయకూడదో, ఒంటిమీద దెబ్బలు తిని నేర్చుకున్న రోజది. రెండు నెలల తరవాత రాటర్‌డామ్‌లో పాకిస్తాన్ తొమ్మిది పరుగుల తేడాతో బయటపడింది. నవంబరు 6న అడిలైడ్‌లో, టీ20 ప్రపంచకప్‌లో, దక్షిణాఫ్రికాను 13 పరుగులతో ఓడించి సెమీఫైనల్ ఆశలు తుంచేశారు. ఆ మరుసటేడు జూన్‌లోనే హరారే. అంటే 498 పరుగులిచ్చిన ఏడాదికి 374 కొట్టిన జట్టు అయ్యారు. ఆ మధ్య జరిగిందల్లా ఒకటే. వాళ్ళకు మ్యాచ్‌లు దొరికాయి.

మనం మన సంగతి మరిచిపోకూడదు. 1932 జూన్ 25న లార్డ్స్‌లో భారతదేశం మొదటి టెస్టుకు నాయకత్వం వహించిన కల్నల్ సి.కె. నాయుడు తెలుగువాడు. పుట్టింది నాగపూర్‌లో, పూర్వీకులు మన బందరు వారని చెబుతారు. 1953లో ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో అడుగుపెట్టినప్పుడు, యాభై ఎనిమిదేళ్ళ వయసులో వచ్చి కెప్టెన్‌గా చేయి పట్టుకుని నడిపించారాయన. ఆ 1932 నుంచి భారతదేశం మొదటి టెస్టు గెలవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. 1952 ఫిబ్రవరిలో, మద్రాసులో, ఇంగ్లండ్ మీద. ఆ ఇరవై ఏళ్ళలో ఎవరైనా, వీళ్ళకు ఆడటం రాదు, తీసెయ్యండి అని ఉంటే? ఇవాళ మనం పెద్ద జట్టు. ఒకప్పుడు మనమూ శివారునే ఉన్నాం.

ఇంకో మాట కొందరు అంటారు. ఆ జట్టులో డచ్చివాళ్ళెవరున్నారయ్యా, అంతా పైనుంచి వచ్చినవాళ్ళే కదా అని. నిజమే, కెప్టెన్ ఎడ్వర్డ్స్ టోంగాలో పుట్టి ఆస్ట్రేలియాలో పెరిగాడు. వాన్ బీక్, మాక్స్ ఓ’డౌడ్ న్యూజిలాండ్‌లో పుట్టారు. విక్రమ్‌జిత్ సింగ్ పంజాబులో పుట్టాడు. వాన్ డర్ మెర్వ్ దక్షిణాఫ్రికాకు కూడా ఆడినవాడు. అలాగే అక్కడే పుట్టిన బాస్ డి లీడ్ ఉన్నాడు. వాళ్ళ నాన్న టిమ్ డి లీడ్ 1996 నుంచి మూడు ప్రపంచకప్‌లు ఆడాడు. అయినా మన డెల్టాలో నించుని ఈ అభ్యంతరం చెప్పడం నాకు కుదరదు. మన కాళ్ళ కింద మట్టి ఎక్కడిది? మహాబలేశ్వరం కొండల నుంచి, దారిలో ఎన్ని ఏరులు కలిశాయో అన్ని ఏరుల నుంచి, కృష్ణ మోసుకొచ్చిన ఒండ్రు అది. వచ్చి ఇక్కడ ఆగింది, ఇక్కడ పంట పండించింది, ఇక్కడి నేల అయింది. విజయవాడ పిల్లవాడు నెదర్లాండ్స్‌లో ఆగాడు. అమెరికా అండర్-19 అమ్మాయిల జట్టుకు 2023 ప్రపంచకప్‌లో మన తెలుగమ్మాయి గీతిక కొడాలి కెప్టెన్ అయింది. మనుషులూ ఒండ్రులాగే ప్రవహిస్తారు.

ఈ ఆటగాళ్ళ బతుకుతెరువు గురించి కూడా చెప్పాలి. ఐపీఎల్ వేలంలో కోట్లు వినడానికి అలవాటుపడిన మన చెవులకు ఇది వింతగా ఉంటుంది. 2020 నవంబరులో, కరోనా వల్ల ఆటలన్నీ ఆగిపోయినప్పుడు, ఫాస్ట్ బౌలర్ పాల్ వాన్ మీకెరెన్ చలికాలం గడవడానికి ఊబర్ ఈట్స్‌లో ఇంటింటికీ తిండి పొట్లాలు చేరవేశాడు. ఆ సంగతి తనే సిగ్గుపడకుండా చెప్పుకున్నాడు. మూడేళ్ళ తరవాత, 2023 సెప్టెంబరులో, ప్రపంచకప్‌కు ముందు ఆ జట్టు బెంగుళూరు దగ్గర ఆలూరులో సాధన చేసింది. వాళ్ళతో పాటు పెద్ద బలగం రాలేదు. నెట్స్‌లో మాకు బంతులు వేయడానికి కుర్రాళ్ళు కావాలి అని ప్రకటన ఇచ్చారు. వేలమంది తమ బౌలింగ్ వీడియోలు పంపారు. నలుగురిని తీసుకున్నారు. ఆ నలుగురిలో ఒకడు చెన్నైలో తిండి పొట్లాలు చేరవేసే ఉద్యోగం చేసే కుర్రాడు. వాన్ మీకెరెన్‌తో కలిసి ఒకే నెట్‌లో ఆ కుర్రాడు బంతి వేశాడంటే, ఆ ఇద్దరికీ పరిచయ వాక్యాలు అవసరం లేదనిపిస్తుంది నాకు.

ఆ ప్రపంచకప్‌లో వాళ్ళ మొదటి రెండు మ్యాచ్‌లూ మన హైదరాబాదులోనే. పాకిస్తాన్ మీద, న్యూజిలాండ్ మీద. రెండూ ఓడారు. అక్టోబరు 17న ధర్మశాల. వాన పడి 43 ఓవర్లకు కుదించారు. 140కి ఏడు వికెట్లు. అక్కడ ఎడ్వర్డ్స్ 78 నాటౌట్‌గా నిలిచి 245కు చేర్చాడు. దక్షిణాఫ్రికా 207కు ఆలౌట్. పదకొండు రోజుల తరవాత ఈడెన్ గార్డెన్స్‌లో బంగ్లాదేశ్‌ను 87 పరుగులతో ఓడించారు. ఆ రోజు నాలుగు వికెట్లు తీసింది ఎవరనుకున్నారు, పొట్లాలు మోసిన వాన్ మీకెరెనే. మధ్యలో ఢిల్లీలో ఆస్ట్రేలియా చేతిలో 309 పరుగుల తేడాతో చిత్తయ్యారు, అది కూడా దాచకుండా చెప్పుకోవాలి. పట్టికలో చివరి స్థానం. కానీ దక్షిణాఫ్రికాను అడిగితే వాళ్ళు చివరి జట్టు అని చెప్పదు.

నవంబరు 12, దీపావళి. బెంగుళూరులో భారత్‌తో ఆఖరి మ్యాచ్. మనవాళ్ళు 410 కొట్టారు. మ్యాచ్ ఎప్పుడో చేజారింది. విరాట్ కోహ్లీ చేత, శుభ్‌మన్ గిల్ చేత కూడా బంతులు వేయించారు. అయినా తేజ ఆట ఆపలేదు. సిక్సర్లు కొడుతూ 54 దాకా వెళ్ళాడు. ఆ రోజు వాళ్ళ జట్టులో అదే పెద్ద స్కోరు. చివరికి రోహిత్ శర్మ బంతి వేయగా అవుటయ్యాడు, ఆఖరి వికెట్ అతనిదే. ఊరంతా టపాకాయలు కాలుతున్న ఆ రాత్రి, టీవీ ముందు కూర్చుని భారత్ గెలుపుకు ఆనందించాను. ఆ ఆఖరి వికెట్ ఇంకో రెండు ఓవర్లు ఉంటే బాగుండుననీ అనుకున్నాను.

ఇంతా జరిగాక ఆ సూపర్ లీగ్ ఏమైందంటే, 2023తో ముగించేశారు. తప్పనిసరి మ్యాచ్‌లు పోయాయి. నెదర్లాండ్స్ మళ్ళీ స్కాట్లండ్, నేపాల్, నమీబియా, అమెరికా, కెనడా, ఒమన్, యూఏఈలతో రెండో అంచె లీగ్‌లోకి వెళ్ళింది. అక్కడా ఊరుకోలేదు. 2025 జూన్ 12న డండీలో స్కాట్లండ్ ఇచ్చిన 370 పరుగుల లక్ష్యాన్ని అందుకుంది. ఓ’డౌడ్ 158 నాటౌట్. అప్పటికి వన్డేల చరిత్రలో ఛేదించిన మూడో అతిపెద్ద లక్ష్యం అది. ఆ మ్యాచ్ జరిగిందని మనలో ఎంతమందికి తెలుసు? 2027 వన్డే ప్రపంచకప్‌లో పదికి బదులు పద్నాలుగు జట్లు ఆడతాయి. సంతోషమే. కానీ పండగ నాడు పిలిచి భోజనం పెడితే సరిపోదు, ఏడాది పొడుగునా కాలువలో నీళ్ళు వదలాలి.

ఆ పని చేయగలిగినవాళ్ళు మనమే. క్రికెట్‌కు వచ్చే డబ్బులో పెద్దవాటా భారతదేశానిది. అంతర్జాతీయ మ్యాచే కానక్కరలేదు. మన మూలపాడులో మైదానం ఉంది. 2016 నవంబరులో భారత, వెస్టిండీస్ మహిళల జట్లు అక్కడ వన్డేలు ఆడాయి. వాళ్ళ దేశంలో మంచు కురిసే డిసెంబరు, జనవరి నెలల్లో మన దగ్గర క్రికెట్‌కు అంతకన్నా మంచి వాతావరణం ఉండదు. ఆ రోజుల్లో నెదర్లాండ్స్ జట్టును పిలిచి మన ఆంధ్ర కుర్రాళ్ళతో నాలుగు మ్యాచ్‌లు ఆడిస్తే వాళ్ళకు స్పిన్ ఆడటం అలవాటవుతుంది, మనవాళ్ళకు విదేశీ జట్టుతో తలపడటం అలవాటవుతుంది. సెలవు రోజైతే బందరు నుంచీ, గుడివాడ నుంచీ బస్సుల్లో జనం వస్తారు. వలందపాలెం పిల్లలు కూడా వస్తారు. నిడమానూరు విజయవాడకు తూర్పున, మూలపాడు పడమట. మధ్యలో ఒక ఊరు, పక్కనే ఒక నది.